పిట్టగోడలో ఖాళీ

మూసీ పుట్టిన చోట నీళ్ళు దోసిట పట్టి తాగవచ్చని చెబితే మా గల్లీలో ఎవరూ నమ్మలేదు. దబీర్‌పురాలో పుట్టి పెరిగినవాళ్ళకు మూసీ అంటే ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వంతెన దాటడమే. ఆ నల్లటి మురుగుకు ఒక పుట్టుక ఉందని, అది పడమట అనంతగిరి కొండల మీద టేకు అడవిలో చెమ్మగా మొదలవుతుందని, చీకటితో సైకిలెక్కితే మధ్యాహ్నం లోపు అక్కడికి చేరవచ్చని నాకే యాభై దగ్గరపడ్డాక తెలిసింది. తెలిశాక ఊరుకోలేకపోయాను. నది ఎక్కడిదాకా మంచిగా ఉందో, ఎక్కడ చెడిందో, ఎవరు చెడగొట్టారో కళ్ళారా చూడాలని ఆదివారాలు తిరగడం మొదలుపెట్టాను.

ఆ తిరుగుడులో నలుగురం అయ్యాం. నేను ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాను. తీరిక దొరికితే చిన్న పత్రికలకు మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాస్తాను. రెండోవాడు నా స్నేహితుడు, నాకంటే చిన్నవాడు, కిషన్‌బాగ్‌లో ఉంటాడు, రైల్వేలో సిగ్నళ్ళు మరమ్మతు చేస్తాడు. మూడో మనిషిని అందరం పెద్దాయన అనేవాళ్ళం. తరతరాలుగా పాతబస్తీలో గుడి సేవ చేసిన కుటుంబం. ఆయన మాత్రం బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాడు. మా అందరిలోకి ఖరీదైన సైకిలు ఆయనదే, రెండు వేళ్ళతో పైకెత్తవచ్చు. నాలుగోవాడు లాడ్ బజార్‌లో గాజుల దుకాణం నడిపే భాయ్. నోరు తెరిస్తే హాస్యం, హ్యాండిల్‌కు ఆకుపచ్చ గుడ్డలో కుట్టిన తావీజు.

దబీర్‌పురా నుంచి చార్మినార్ మీదుగా పోతే ఆ వేళకు రోడ్డు మీద కుక్కలూ, నహారీ గిన్నెల ఆవిరీ తప్ప ఏమీ ఉండవు. కిషన్‌బాగ్‌లో నా స్నేహితుడు ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడలు మీద పెట్టి గేటు ముందు నిలబడి ఉండేవాడు. ఎన్నడూ ఆలస్యం చేయలేదు. హిమాయత్‌సాగర్ కట్ట దగ్గర తెల్లవారేది. అక్కడి నుంచి పెద్ద రోడ్డు వదిలేసి, మూసీలో కలిసే ఈసా నది లోయలో పల్లెదారులు పట్టేవాళ్ళం. క్యారెట్లు కడిగే తొట్లు, చామంతి తోటలు, చక్రాలకు అంటుకుని వదలని ఎర్రమన్ను. మధ్యమధ్య చేల నడుమ సిమెంటు కమానులు, వాటి వెనక ఒక్క ఇల్లూ లేని ప్లాట్లు. నది ఒడ్డున గోడ కట్టి నదిని తమ తోటలోకి కలుపుకున్న పెద్దమనుషుల బంగళాలు. ఒకచోట వాగులోకి దిగే పాత దారికి ఇనుప గేటు పెట్టి, గేటు మీద గణపతి బొమ్మ అతికించారు. బొమ్మ ఉన్న గేటును ఎవరూ తన్నరు. కబ్జా చేసేవాడికి దేవుడి అవసరం ఎంత ఉందో నాకు ఆ గేటు దగ్గర అర్థమైంది. పెద్దాయన మాత్రం ఆ బొమ్మకు దండం పెట్టి సైకిలు వెనక్కి తిప్పాడు.

ఇటువంటివి చూసి నేను దారి పొడుగునా వాదించేవాణ్ణి. వాదన నాకు ఇంటి నుంచి వచ్చింది. నా చిన్నప్పుడు మా నాన్న నన్ను ఆదివారాలు ఒక అద్దె హాలుకు తీసుకెళ్ళేవాడు. రెండు పక్షాలుగా బెంచీలు వేసి, జాతకం శాస్త్రమా, దేవుడు లేకపోతే నీతి ఉంటుందా అని అక్కడ పెద్దవాళ్ళు గొంతులు పోయేదాకా వాదించేవాళ్ళు. ఆ హాలులో ఒక నియమం ఉండేది. ఎదుటివాడి మాటను ముందు అతనే ఒప్పుకునేంత బాగా చెప్పాలి, ఆ తర్వాతే ఖండించాలి. అలా చెప్పలేనివాణ్ణి కూర్చోమనేవాళ్ళు. నేను ఇప్పటికీ ఆ నియమం తప్పను. సైకిలు మీద, ఎదురుగాలిలో, ఎత్తు ఎక్కుతూ ఆ నియమం పాటించడం కష్టమే. నా స్నేహితుడు నా పక్కనే తొక్కుతూ నవ్వేవాడు.

"నువ్వు ఊపిరి తీసుకో అన్నా. దేవుడు యాడికి బోడు, గుట్ట ఎక్కినంక తిడుదువు."

అతనికి నా మాటలు నచ్చేవని నేను అనుకున్నాను. నచ్చేవేమో కూడా. నచ్చడం వేరు, నమ్మడం వేరు అని తెలియడానికి నాకు ఒక కార్తీకమాసం పట్టింది.

పొద్దున తొక్కుకుంటూ కొండెక్కి, అడవిలో తిండి తిని, సాయంత్రం ఘాటు దిగి, వికారాబాద్ స్టేషన్‌లో సైకిళ్ళకు లగేజీ టికెట్టు తీసుకుని ప్యాసింజరులో ఇంటికి రావడం మా పద్ధతి. ఆ కార్తీక ఆదివారం కూడా అలాగే వెళ్ళాం. వనభోజనాలవాళ్ళతో కొండ కిటకిటలాడుతోంది. ఉసిరిచెట్టు కనబడిన చోటల్లా ఒక గుంపు, ఒక స్పీకరు, కుప్పలుగా ప్లాస్టిక్ విస్తర్లు. నది పుట్టిన చోటనే నదికి మురుగు పెట్టడం మొదలైంది. మేము జనానికి దూరంగా టేకుచెట్ల కింద కూర్చుని పులిహోర, సీతాఫలాలు తిన్నాం. ఎండ చెట్ల మొదళ్ళలోకి దిగింది. నేను లేచి సీసాలో నీళ్ళు నింపుకున్నాను.

అప్పుడు పెద్దాయన మణికట్టు మీద గడియారం బుర్రుమంది. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో, నెత్తురులో ప్రాణవాయువు ఎంత ఉందో చెప్పే గడియారం అది. రాహుకాలం ఎప్పుడు మొదలవుతుందో కూడా చెబుతుందని నాకు ఆ రోజే తెలిసింది.

"ఇగ కూసోండ్రి," అన్నాడు పెద్దాయన. "నాలుగున్నర అయింది. ఆరు దాటినంక లేద్దాం."

"ఆరు దాటితే చీకటే గదా," అన్నాను. "చీకట్ల ఘాటు దిగుతమా? బండి టైము గూడ దగ్గర పడుతది, ఉరకాలె."

"దిగుడే గదా. తొక్కే పని గూడ లేదు."

భాయ్ సీతాఫలం గింజ ఉమ్మి అన్నాడు. "అరే భాయ్, రాహువు సూర్యున్నే మింగెటోడంట. మన సైకిళ్ళు ఆయనకు చాయ్‌ల బిస్కెట్టు గూడ గావు. ఫికర్ ఎందుకు?"

"మరి నీ హ్యాండిల్‌కు తావీజెందుకు?" అన్నాడు పెద్దాయన.

"అది అమ్మీ కట్టింది. రాహువు కోసం కాదు, లారీల కోసం."

అందరం నవ్వాం. నేను నా స్నేహితుడి వైపు తిరిగాను. "నువ్వు చెప్పు. సిగ్నల్ ఎర్రగుంటే బండి ఆగుతది, పచ్చగుంటే పోతది. రాహుకాలమని ఏ బండన్న ఆగిందా ఇన్నేండ్లల?"

"డ్యూటీ డ్యూటీనే అన్నా. ఇది ఇంటి సంగతి," అన్నాడు అతను, నా కళ్ళలోకి చూడకుండా. "ఇంట్ల పిల్లలున్నరు. జరసేపు కూసుంటే ఏం బోతది?"

"వెలుగు బోతది," అన్నాను.

ముగ్గురినీ మళ్ళీ రమ్మన్నాను. రాలేదు. స్టేషన్‌లో కలుద్దామని చెప్పి నేను ఒక్కణ్ణే దిగాను.

ఆ దిగడం ఇప్పటికీ గుర్తుంది. ఎండ పచ్చగా, ఏటవాలుగా రోడ్డు మీద పడుతోంది. ప్రతి గులకరాయికీ నీడ ఉంది. ఏ గుంత ఎక్కడుందో ఆ నీడలే చెబుతున్నాయి. సగం దూరంలో, మలుపు మీద, ఒక వాన నీళ్ళ కల్వర్టు ఉంది. దాని ఎడమవైపు పిట్టగోడ ఎప్పుడో కూలిపోయింది, ఏదో లారీ తగిలి ఉంటుంది. అటూ ఇటూ ముక్కలు నిలబడి ఉన్నాయి, మధ్యలో మనిషి పట్టేంత ఖాళీ. కింద బండలు. నేను దాన్ని దూరం నుంచే చూశాను, కుడికి జరిగి దాటాను. చూశాను కాబట్టి దాటాను. అందులో నా గొప్పా లేదు, దేవుడి దయా లేదు. సూర్యుడు ఉన్నాడు, అంతే.

స్టేషన్ బయట చాయ్ తాగుతూ కూర్చున్నాను. సీతాఫలాల బుట్టల ముందు ఆడవాళ్ళు దీపాలు వెలిగించుకున్నారు. చీకటి పడింది. వాళ్ళు రాలేదు. బండి వచ్చింది, పోయింది. అప్పుడు భాయ్ నుంచి ఫోను వచ్చింది. ఆ గొంతులో హాస్యం లేదు.

జరిగింది భాయ్ నాకు ఆస్పత్రి వరండాలో చెప్పాడు. "బండి టైమైతుందని ఉరికినం. పెద్దాయన ముంగట, నేను నడుమ, నీ దోస్తు ఎనక. ఎదురుంగ వనభోజనాలోల్ల వ్యాను వచ్చింది, పాటలు వెట్టుకోని, పెద్ద లైట్లేసుకోని. కండ్లు బోయినయ్ భాయ్. ఆయన పక్కకు జరిగిండు. కల్వర్టు గోడ ముక్క కనబడ్డది గదా, అంతటా గోడ ఉన్నదనుకున్నడు. లేదు. అంధేరా థా, బస్. ఇంకేం లేదు ఇండ్ల."

చీకటి. అంతే. ఇంతకంటే సరళమైన వాక్యం నేను ఇన్నేళ్ళ వ్యాసాల్లో రాయలేదు. కానీ ఆ మాట వరండాలోనే మిగిలిపోయింది. గదిలోకి వచ్చాక భాయ్ తన సైకిలు నుంచి విప్పి తెచ్చిన తావీజును మంచం కమ్మీకి కట్టాడు.

తొడ ఎముక విరిగింది. మోకాలి చిప్ప చితికింది. డాక్టర్లు లోపల కడ్డీ వేశారు. మళ్ళీ నడుస్తాడన్నారు. పట్టాల వెంబడి నడిచి, నిచ్చెనెక్కి సిగ్నళ్ళు సరిచేస్తాడా అంటే ఇప్పుడే చెప్పలేమన్నారు. సైకిలు సంగతి నేను అడగలేదు.

మూడో పూట నేను వెళ్ళేసరికి పెద్దాయన అక్కడే ఉన్నాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, తలగడ కింద విభూతి పొట్లం పెడుతున్నాడు. నన్ను చూసి నెమ్మదిగా, ఏమాత్రం కోపం లేకుండా అన్నాడు.

"నీ మీద నాకు పగ లేదు. గని పెద్దోన్ని, చెప్పాలె గాబట్టి చెప్తున్న. నలుగురం కలిసి బోయినం. నువ్వు రాహుకాలంల కాలు వెట్టినవు. నువ్వు నమ్మవు గాబట్టి నిన్ను పట్టలే. ఎనకొచ్చినోన్ని పట్టింది."

నేను నవ్వాను. నవ్వు ఆపుకోలేకపోయాను. రాహుకాలంలో దిగినవాడు క్షేమంగా చాయ్ తాగాడు. రాహుకాలం దాటేదాకా కూర్చుని దిగినవాడి కాలు విరిగింది. ఇంత స్పష్టంగా ఎదురుగా నిలబడ్డ సాక్ష్యాన్ని కూడా తిప్పి నా మీదికే తోశాడు. చేతికి అంత తెలివైన గడియారం పెట్టుకున్న మనిషి.

నవ్వు మంచం మీద మనిషికి నొప్పి కలిగించింది. అతను కళ్ళు మూసుకుని అన్నాడు. "నీ తప్పని నేను అంటలేను అన్నా. గని నువ్వు గట్ల పోకుంటే మంచిగుంటుండె."

అతని భార్య నన్ను వరండా దాకా సాగనంపింది. "మీరు మంచోల్లే అన్నా. ఆయనకు మీరంటే పానం. గని కొన్నొద్దులు రాకున్రి. మా అత్తమ్మ చూస్తే లొల్లి అయితది."

అద్దె హాలు నియమం ప్రకారం వాళ్ళ పక్షం బాగా చెప్పి చూస్తాను. నలుగురు కలిసి వెళ్ళినప్పుడు నలుగురు కలిసి రావాలి. ఒక్కడు తన మాటే నిజమని లేచిపోతే మిగతావాళ్ళ మనసు చెదురుతుంది, తొందర పుడుతుంది. చీకట్లో మూడు సైకిలు దీపాల కంటే నాలుగు నయం. వాళ్ళ మాటలో ఉన్న బలమంతా ఇదే, ఇది నేను కాదనను. కానీ ఇందులో రాహువు ఎక్కడ ఉన్నాడు? కలిసి రావడమే ముఖ్యమైతే వెలుగులో కలిసి రావచ్చు. నేను ముగ్గురినీ పిలిచాను. ఇటువంటి జ్ఞాపకాలు చదివేవాళ్ళు చివరకు రాసినవాడు తల వంచి, తప్పంతా నాదే అని ఏడవాలని చూస్తారు. నేను ఏడవను. నా స్నేహితుడి కాలు విరగ్గొట్టింది ఒక కూలిన గోడ, ఒక వ్యాను లైటు, ఒక పంచాంగం. ఈ మూడింటిలో బాగుచేయగలిగింది ఒక్క గోడే.

గోడ వెంట పడ్డాను. ఆ జిల్లా రోడ్ల ఆఫీసు చుట్టూ బస్సెక్కి, సైకిలెక్కి తిరిగాను. అక్కడి ఇంజనీరు మర్యాదస్తుడే. ఏ ఆఫీసులోనైనా మర్యాదస్తుడి దగ్గరే పని ఎక్కువ ఆలస్యమవుతుంది, నేనూ గుమాస్తానే గనుక ఆ సంగతి నాకు తెలుసు. చలికాలం పోయింది, ఎండాకాలం వచ్చింది. చివరకు ఒకరోజు ఇంజనీరు ఫోను చేసి, మేస్త్రీ వెళ్ళాడు, గోడ లేస్తోంది, వచ్చి చూసుకోండి అన్నాడు. ఆ మాట విని ఎన్ని నెలల తర్వాతో నాకు ఒంట్లో తేలిక పుట్టింది. ఆ ఆదివారం ఒక్కణ్ణే బయల్దేరాను. ఈసా లోయలో నీళ్ళు లేవు, ఇసుక కూడా ఎత్తుకుపోయారు. అయినా పాట పాడుకుంటూ తొక్కాను.

గోడ లేచింది. కొత్త ఇటుక, పచ్చి సిమెంటు. అటు ఒక ముక్క, ఇటు ఒక ముక్క. మధ్యలో ఖాళీ అలాగే ఉంది. ఆ ఖాళీలో కల్వర్టు అంచున, పసుపు పూసి బొట్లు పెట్టిన రాయి. దాని చుట్టూ ఎర్రగాజులు, అగరుబత్తి పుల్లలు, ఎండిన కొబ్బరిచిప్పలు.

మేస్త్రీ నీడలో కూర్చుని సద్ది తింటున్నాడు.

"ఇదేంది? నడుమ ఎందుకు ఇడిసినవు?"

"దేవుడుండె గద సార్."

"నిన్నటిదాక లేడు గదా. రాయి తీసి పక్కన వెట్టి గోడ కట్టరాదు?"

అతను ముద్ద నోటి దగ్గరే ఆపాడు. "నువ్వు తీస్తవా సార్? నీకు పిల్లలు లేరా? నేనైతే తియ్య. ఇంజనీరు సార్‌కు జెప్పిన, ఆయన గూడ ముట్టకు అన్నడు. పట్నమోల్లు వచ్చి వెట్టిండ్రంట. ఎవలో ఈడనే పడి బతికిండంట, గొప్ప దేవుడంట."

ఎవరో అతను చెప్పనక్కర లేదు. ఎవరు పెట్టారో కూడా. అయినా తెలుసుకోవాలని, ఎన్నాళ్ళకో కిషన్‌బాగ్ వెళ్ళాను. నా స్నేహితుడు ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కాలు స్టూలు మీద చాపి ఉంది. నన్ను చూడగానే లేవబోయాడు. కర్ర జారింది. నేను పట్టుకున్నాను.

"అవునన్నా," అన్నాడు. "శివరాత్రికి మా ఇంటామె, పెద్దాయన, నేను జీపుల వొయి పెట్టినం. మొక్కుకున్న గదా."

"ఆ గోడ కట్టిపియ్యాలని నేను ఎన్ని నెలలు తిరిగిన్నో ఎరికేనా నీకు?"

"ఎరికే. భాయ్ చెప్పిండు."

"మరి ఎరుకుండి ఎట్ల ఒప్పుకున్నవు? నువ్వు పడ్డ సందు అదే. రేపు ఇంకొకడు పడుతడు."

అతను కాలు నిమురుకున్నాడు. "ఆ రాయి జోలికి పోకన్నా. నీ కాళ్ళు మొక్కుత. సగం కాలు వచ్చింది. కడమ సగం ఆయన చేతుల ఉంది."

అద్దె హాలులో ఇటువంటి మాటకు జవాబు ఎవరూ నేర్పలేదు. అక్కడ అందరి కాళ్ళూ బాగానే ఉండేవి.

రైల్వే డాక్టర్లు అతన్ని లైను పనికి పనికిరాడని తేల్చారు. ఉద్యోగం పోలేదు, ఆఫీసులో కుర్చీ ఇచ్చారు. పాత హోదా, పాత జీతం. దెబ్బ తిన్న ఉద్యోగిని రోడ్డు మీదికి నెట్టకూడదనే ఆ నియమం ఊరికే రాలేదు. ఎందరో కార్మికులు పట్టాల మీద అడ్డం పడుకుని, పస్తులుండి, జైళ్ళకు పోయి తెచ్చిన నియమం. వాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తులేవు. ఆర్డరు వచ్చిన సాయంత్రం అతని భార్య నాకు మిఠాయి పెడుతూ అంది. "చూసిండ్రా అన్నా, కల్వర్టు దేవుడు అన్నం ముద్ద కాపాడిండు."

మిఠాయి తిన్నాను. చేదుగా ఏమీ లేదు, బాగుంది.

మళ్ళీ కార్తీకం వచ్చింది. భాయ్ దుకాణం ముందు నుంచి పోతుంటే పిలిచాడు. గాజుల పెట్టె సర్దుతూ గొంతు తగ్గించి అన్నాడు. "నువ్వు రావాలె భాయ్ ఈ ఐతారం. నీ దోస్తు మొక్కు ఉంది. మనందరం వ్యానుల పోతం, గుట్ట మీదికెల్లి ఆయన ఒక్కడే సైకిల్ మీద దిగుతడంట. అదే టైముకు. ఆరు దాటినంక."

"ఆ కాలుతోనా? చీకట్లనా?"

"పెద్దాయన లెక్క చెప్పిండు. పడ్డ టైముకే దిగితె పీడ బోతదంట."

"నువ్వేమన్నవు?"

"నేనేమంట? నాది వేరే దుకాణం," అన్నాడు. నవ్వలేదు.

వెళ్ళాను. వాళ్ళ వ్యానులో కాదు, నా సైకిలు మీద. ఆ టేకుచెట్ల కిందే కలిశాం. నా స్నేహితుడి సైకిలుకు పసుపు తాళ్ళు, బంతిపూలు. ఏడాదిగా మూల పడి ఉన్న సైకిలు అది. గొలుసుకు నూనె వేసిందీ, బ్రేకు రబ్బర్లు మార్చిందీ భాయ్ అని తర్వాత తెలిసింది. ఎండ చెట్ల మొదళ్ళలోకి దిగింది. పెద్దాయన గడియారం బుర్రుమంది.

నేను నా స్నేహితుడి పక్కన గడ్డి మీద కూర్చున్నాను. వాదించలేదు. బతిమాలాను.

"ఒక్క మాట విను. మొక్కు నీది, నేను వద్దంటలేను. కొబ్బరికాయ నేనే మోసుకొస్త. ఇప్పుడు దిగుదాం. వెలుగుంది. నీ పక్కకు నేనుంట."

"ఇప్పుడు రాహుకాలం అన్నా."

"నా కోసం."

అతను చాలాసేపు చూశాడు నన్ను. ఆ చూపులో కోపం లేదు. పెద్దరోగం వచ్చిన మనిషిని చూసినట్లు చూశాడు. "నువ్వే ఉండరాదు అన్నా ఈసారి? నా కోసం. అందరం ఆరు దాటినంక కలిసే పోదాం."

నేను లేచాను. వెనక అతని భార్య ఏదో అంది, వినిపించుకోలేదు. వెలుగులోనే దిగాను. స్టేషన్ దాకా పోలేదు. కల్వర్టు దగ్గర ఆగి, సైకిలు గోడకు ఆనించి, ముందు దీపం, వెనక ఎర్రదీపం రెండూ ఊడదీశాను. ఆ ఖాళీలో, రాయికి ముందు, రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను.

అడవి నల్లబడింది. నెమళ్ళు ఒకదాన్నొకటి పిలుచుకుని ఊరుకున్నాయి. వనభోజనాల బండ్లు ఎక్కేవి ఎక్కుతున్నాయి, దిగేవి దిగుతున్నాయి. ఒక్కొక్క బండి లైటు మలుపు తిరిగి నా ముఖాన కొట్టినప్పుడు నాకూ ఏమీ కనబడలేదు. ఎర్రదీపం ఊపుతూ నిలబడ్డాను. దిగుతున్న ఒక కారు నా ముందు ఆగింది. అద్దం దించి ఒకావిడ చేతులు జోడించింది.

"అయ్యగారూ, ఇంత కుంకుమ వెట్టున్రి. పిలగాడు కార్ల కక్కుతున్నడు."

"నేను అయ్యగారిని కాదమ్మా. ఇక్కడ గోడ లేదు. జాగ్రత్తగా పొమ్మని నిలబడ్డ."

ఆమెకు నా మాట ఎక్కలేదు. డ్రైవరు దిగి వచ్చి, రాయి ముందున్న కుంకుమ చిటికెడు తీసుకుని, ఒక నోటు నా జేబులో కుక్కి, నాకూ రాయికీ కలిపి ఒకే దండం పెట్టి పోయాడు.

ఆరు ఎప్పుడో దాటింది. చీకట్లో పైన బ్రేకులు కిర్రుమన్నాయి. వ్యాను వెనక వస్తోంది, దాని లైటులో ఒక సైకిలు నీడ ముందుకు సాగి వస్తోంది. ఒక మోకాలు సరిగా వంగడం లేదు. అందుకని సైకిలు అటూ ఇటూ ఊగుతోంది. కింది నుంచి ఇంకో బండి మలుపు తిరిగింది, పెద్ద లైట్లు. అతను ఎడమకు జరిగాడు. నేను రెండు దీపాలూ ఎత్తి గట్టిగా అరిచాను.

"కుడికి రా! కుడికి!"

అతను కుడికి వచ్చాడు. దాటాడు. కల్వర్టు దాటాక బాగున్న కాలు నేలకానించి ఆగాడు. అందరూ వ్యాను దిగి వచ్చారు. పెద్దాయన కర్పూరం వెలిగించాడు. నా స్నేహితుడు కుంటుకుంటూ వచ్చి, నన్ను కొద్దిగా పక్కకు జరగమని, రాయి మీద కొబ్బరికాయ కొట్టాడు. చిప్పల పెంకులు రోడ్డు మీద చెదిరాయి. లేచి నిలబడి నా భుజం పట్టుకున్నాడు. ముఖం నిండా చెమట, నవ్వు.

"చూసినవా అన్నా? ఏం గాలే."

వాళ్ళు వ్యాను ఎక్కారు. నన్నూ రమ్మన్నారు. నేను వంగి, చక్రాలకు గుచ్చుకోకుండా రోడ్డు మీది పెంకులు ఏరి కిందికి పారేశాను. దీపాలు ఆర్పలేదు. పైన ఇంకా బండ్లు ఉన్నాయి.